కవచం క్రింది దూది

మధ్యయుగపు యోధుల ఉక్కు కవచాలను, వాటి క్రింద తొడిగే దళసరి దూది అంగీలను తిరిగి తయారుచేయించి, తమ ఒంటికి సరిపడేలా కుదిర్చుకొని ధరించే వ్యాపకం ఐరోపా, అమెరికా ఖండాలలో గత అర్ధశతాబ్దికి పైగా పెరుగుతూ వచ్చినది. 1966లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్లీ నగరంలో ప్రారంభమైన ఒక సంఘం దీనికి ఎక్కువ ప్రచారం తెచ్చినది. సెలవు దినాలలో మైదానాలలో చేరి, ప్రాచీన వేషాలలో మొద్దు కత్తులతో పోరాడడం వీరి వినోదం. చలనచిత్ర నిర్మాతలు, మ్యూజియంల వారు, నాటక సంఘాల వారు కూడా ఇట్టి నకళ్ళను కొంటారు. ఈ సామగ్రిలో గణనీయమైన భాగం మన దేశం నుండే ఎగుమతి అవుతున్నది. 1943లో డెహ్రాడూన్‌లో స్థాపితమైన విండ్లాస్ సంస్థ ఈ వ్యాపారంలో పేరుపొందినది.

ఈ నకళ్ళను ధరించినవారు మొదట నేర్చుకున్న పాఠం ఒకటున్నది. ఇనుము ఒక్కటే మనిషిని కాపాడదు. ఉంగరాల అల్లికతో చేసిన కవచం కత్తి వాదరను ఆపుతుంది కాని, దెబ్బ బరువును ఆపలేదు. చర్మం తెగకపోయినా లోపల ఎముక విరుగుతుంది. పలకల కవచమైనా సరే, క్రింద మెత్తని దళసరి వస్త్రం లేకపోతే భుజాలను ఒరుసుకొని ఒక గంటలోనే భరించరానిదవుతుంది. పదిహేనవ శతాబ్దపు ఐరోపా పూర్తి కవచం ఇరవై నుండి ఇరవై అయిదు కిలోల బరువు ఉండేది. ఆ బరువును ఒళ్ళంతా సర్ది మోసేది, దానిని కట్టుకోవడానికి ఆధారమయ్యేది లోపలి దూది అంగీయే. ఫ్రాన్సు రాజు పదకొండవ లూయీ కాలపు ఒక సైనిక శాసనం ఇనుము అవసరం లేకుండా పాతిక ముప్ఫై పొరల బట్టతో రక్షణ అంగీ కుట్టించమని విధించినది.

ఈ అంగీకి ఇంగ్లీషులో ‘ఎకిటన్’ అని, ఫ్రెంచిలో ‘ఒక్తాన్’ అని పేర్లున్నవి. రెండూ స్పెయిన్ దేశం మీదుగా అరబ్బీ నుండి వెళ్ళిన మాటలే. ‘అల్ ఖుత్న్’ అంటే దూది. ఇంగ్లీషువారి ‘కాటన్’ కూడా ఆ మూలం నుండి పుట్టినదే. అంటే ఐరోపా వీరుడు తన గుండెకు ఆనించి కట్టుకున్న వస్త్రం పేరు ముస్లిముల అంగడి నుండి వెళ్ళినదన్నమాట. కవచం మీద తొడిగే ‘జుపాన్’ అనే పై అంగీ పేరు సైతం అరబ్బీ ‘జుబ్బా’ నుండి వచ్చినదే. పేరు వెళ్ళినప్పుడు సరుకు, దానితోపాటు కొంత పనితనం కూడా వెళ్ళి ఉండాలి. సిరియా, ఈజిప్టుల నుండి ఇటలీ ఓడలు దూది బేళ్ళను మోసుకుపోయిన సంగతి చరిత్రకారులకు తెలిసినదే.

ఇస్లామీయ సంప్రదాయంలో కవచ నిర్మాణానికి గల స్థానం పాఠకులకు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్ సబా సూరా (34:10-11)లో, హజ్రత్ దావూద్ (అ)కు అల్లాహ్ ఇనుమును మెత్తబరచి ఇచ్చిన విషయం, నిండైన కవచాలు చేయమని, అల్లికలో కొలత పాటించమని ఆదేశించిన విషయం ఉన్నవి. ‘సర్ద్’ అనే పదానికి వ్యాఖ్యాతలు ఉంగరాల కూర్పు అని అర్థం చెప్పారు. ఉంగరం మరీ పెద్దదైతే బాణం దూరుతుంది, మరీ చిన్నదైతే బరువు మోయలేము. మేకు ఉంగరానికి తగినంతే ఉండాలి. ఈ కొలత విషయం నేటి నకళ్ళు చేసేవారికీ వర్తిస్తుంది. చవకబారు నకళ్ళలో ఉంగరం కొసలను ఊరికే దగ్గరకు వంచి వదిలేస్తారు. ఒక్క పోటుకు అవి విచ్చుకుపోతాయి. అసలు జిరహ్‌లో సాధారణంగా ఉంగరం కొసలను చదునుచేసి, చిల్లు పొడిచి, చిన్న మేకుతో బిగించేవారు. ఒక్కొక్కటి నాలుగు ఉంగరాలతో ముడిపడి ఉండేది.

అంబియా సూరా (21:80)లోను, నహ్ల్ సూరా (16:81)లోను ఇదే విషయం మరొక తీరుగా ప్రస్తావించబడినది. ఈ రెండవచోట వేడి నుండి కాపాడే దుస్తులు, పరస్పర హింస నుండి కాపాడే దుస్తులు ఒకే వరుసలో చెప్పబడినవి. కవచం కూడా ఒక వస్త్రమే అన్న దృష్టి ఇందులో ఉన్నది. మహాప్రవక్త (స) ఉహుద్ యుద్ధం నాడు రెండు కవచాలు ఒకదానిపై ఒకటి ధరించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. వారు పరమపదించేనాటికి వారి కవచం ఒక యూదుని వద్ద ముప్ఫై సాల బార్లీకి తాకట్టులో ఉన్నదని బుఖారీలో ఉన్నది. కవచం ఎంత విలువైన వస్తువో, సామాన్య గృహస్థుకు అది కూడబెట్టిన ఆస్తి వంటిదో ఇందువల్ల తెలుస్తుంది.

సలీబీ యుద్ధాల కాలానికి ఇనుమును, దూదిని ఒకే అంగీలో కలిపికుట్టే పద్ధతి సిరియాలో స్థిరపడినది. దీనికి ‘కజాగంద్’ అని పేరు. షైజర్ కోటకు చెందిన ఉసామా ఇబ్న్ మున్ఖిజ్ (1095-1188) తన జ్ఞాపకాలలో తన కజాగంద్‌ను దర్జీ చూసినంత నిశితంగా వర్ణించాడు. అడుగున పొడవాటి ఫరంగీ జిరహ్, దానిపై నడుము వరకు మరొక జిరహ్, వాటికి అస్తరు, నమదా, ముతక పట్టు, కుందేటి వెంట్రుకలు. పైకి చూస్తే అది మామూలు అంగీయే. 1176లో అజాజ్ ముట్టడి సమయంలో సుల్తాన్ సలాహుద్దీన్‌పై హంతకులు విరుచుకుపడినప్పుడు తలపాగా క్రింది ఇనుప టోపీ, మెడ వద్ద ఈ కజాగందే ఆయన ప్రాణం కాపాడినవి. అవతలి పక్షంలోనూ ఇదే తీరు. 1191లో అర్సూఫ్ దారిలో ఫరంగీ కాలిబంటులు వీపులకు బాణాలు గుచ్చుకొని ఉండగానే వరుస చెదరకుండా నడిచిపోయారని సుల్తాన్ చరిత్రకారుడు బహాఉద్దీన్ ఇబ్న్ షద్దాద్ ఆశ్చర్యంతో వ్రాశాడు. వారి ఒంటి మీద ఇనుప అల్లికతోపాటు మందమైన నమదా ఉండడమే అందుకు కారణమని ఆయనే చెప్పాడు.

ఇక దక్కను విషయం. 1470 ప్రాంతంలో బీదరులో ఉన్న రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ బహమనీ సుల్తాన్ ఊరేగింపులో ఉక్కు కవచాలు తొడిగిన ఏనుగులను చూశాడు. యాభై ఏళ్ళ తరువాత, 1520 ప్రాంతంలో, పోర్చుగీసు యాత్రికుడు పేయస్ విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయల సేనా సమీక్షను చూశాడు. రౌతులు దళసరిగా కుట్టిన అంగీలు ధరించారని, వాటిలో గట్టి పచ్చితోలు పొరలు, ఇనుప రేకులు ఉన్నవని, కొందరి రేకులకు బంగారు పూత కూడా ఉన్నదని, తలకు పెట్టుకున్న రక్షణ టోపీలు కూడా అదే పద్ధతిలో చేసినవని ఆయన వ్రాశాడు. అదే సమీక్షలో రాయల కొలువులోని ముస్లిం సైనికులు డాళ్ళతో, తురుష్క విల్లులతో నిలిచి ఉన్నారని కూడా చెప్పాడు. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ తన ఆయీనె అక్బరీలో జిరహ్, బఖ్తర్, జోషన్, చార్ ఆయినా, సాదిఖీ, అంగర్ఖా మొదలైన కవచ విశేషాల పట్టిక ఇచ్చాడు. తరువాతి కాలంలో ప్రసిద్ధమైన ‘చిల్తా’ అనే దూది కవచం పేరు ‘చిహల్ తా’, అనగా నలభై మడతలు, అనే పారశీక పదబంధానికి సంక్షిప్త రూపం. కవచానికి మడతల లెక్కతో పేరు పెట్టారంటే అందులో ప్రధానమైనది ఏదో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు భాషలోనూ ఈ చరిత్ర అచ్చుపడి ఉన్నది. పాత తెలుగులో కవచాన్ని ‘జోడు’ అన్నారు. అరబ్బీ ‘ఖబా’ తెలుగులో ‘కబాయి’ అయినది. పారశీక ‘కులాహ్’ ‘కుళ్ళాయి’ అయినది. పదహారవ శతాబ్దపు లేపాక్షి కుడ్యచిత్రాలలో విజయనగర ప్రముఖులు కబాయి, కుళ్ళాయి ధరించే నిలిచి ఉన్నారు. గుడి గోడ మీద, దేవుని ఎదుట, తమ గౌరవ దుస్తులుగా వారు వీటినే ఎంచుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన రంగస్థలం మీద, వెండితెర మీద అలవాటైపోయిన బొమ్మ ఒకటున్నది. సుల్తానుల సైనికుడు నల్లని ఇనుములో మునిగి, ముఖం కనబడక, క్రూరంగా ఉంటాడు. ఎదుటి వీరుడు వట్టి రొమ్ముతో, మెడలో హారంతో పోరాడతాడు. పద్యనాటకాల అట్టకవచాలు, తళుకుల కిరీటాలు పౌరాణిక పాత్రలకు చెల్లుతాయి. వాటితో పేచీ లేదు. కాని చారిత్రక కథలలో ఈ తేడా చూపడం సత్యం కాదు. పేయస్ వర్ణించిన అంగీకి, గోలకొండ రౌతు అంగీకి జాతి భేదం లేదు. 1504 నాటి ఓరుగల్లు శాసనం వేయించిన షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. ఖాన్ బిరుదు వహించిన ఆ తెలుగు నాయకుణ్ణి ఓడించినవాడు సుల్తాన్ కులీ కుతుబ్ షా. ఆ పోరులో ఏ కవచం ఏ మతానిదని విడదీయగలం?

కవచాలు చేతులు మారిన తీరుకు ఆదోని మంచి ఉదాహరణ. బీజాపూరు తరఫున సిద్దీ మసూద్ ఏలిన ఆదోని కోట 1680ల చివర మొగలుల వశమైనది. మొగలు సేనలో ఉన్న బికనీరు రాజు అనూప్ సింగ్ అక్కడి ఆయుధశాలలోని కవచాలను, కత్తులను తన సొత్తుగా గ్రహించి, వాటిపై చుక్కలు పొడిచి అక్షరాలు వ్రాయించాడు. ఆయన 1698లో ఆదోనిలోనే మరణించాడు. ఆ సామగ్రి బికనీరు జునాగఢ్ కోటకు చేరి, అందులో కొంత తరువాత ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలకు వెళ్ళినది. నేడు ‘భారతీయ కవచం’ అని విదేశాలలో నకళ్ళు చేసేవారు చూసి కొలతలు తీసుకునే నమూనాలలో ఇట్టి దక్కను వస్తువులు ఉన్నవి.

అయితే నమూనాలో లోపం అక్కడే మొదలవుతుంది. మూడు వందల ఏళ్ళలో ఇనుము మిగిలినది. దూది చాలావరకు మిగలలేదు. చెమటకు, తేమకు, చెదలకు అస్తరు పోయి, గాజు బీరువాలో ఉంగరాల వల మాత్రం వేలాడుతుంటుంది. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధశాలను దర్శించేవారు కూడా ముందు ఇనుమునే చూస్తారు. శ్రీరంగపట్నంలో 1799లో అమరుడైన టిపూ సుల్తాన్‌వని చెప్పే దూది కుట్టు రక్షణ దుస్తులు బ్రిటన్‌లో భద్రంగా ఉండబట్టి, ఆ విద్య పద్దెనిమిదవ శతాబ్దాంతం వరకు ఎంత మేలుగా సాగినదో ఊహించుకోగలుగుతున్నాము.

దూది ప్రాధాన్యం అర్థం కావాలంటే ఏలూరు, కొల్లేటి ప్రాంతాన్ని చూడవలసి ఉన్నది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు అందులో కలుస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే నీటిని సముద్రానికి చేరుస్తుంది. సరస్సుకు దక్షిణంగా బందరు రేవు. ఉత్తరంగా ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రాజమహేంద్రవరం వైపు సాగే మెరక నేల. ఈ సన్నని మెరకే కోస్తా వెంట సేనలకు నడిచేందుకు వీలైన దారి. 1515లో కొండవీడు పట్టుకొన్న కృష్ణదేవరాయలు 1516 నాటికి సింహాచలంలో శాసనం వేయించాడు. 1571 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా సేనలు రాజమహేంద్రవరాన్ని గెలిచినవి. 1753లో సలాబత్ జంగ్ ఏలూరు సర్కారుతో కలిపి నాలుగు సర్కారులను ఫ్రెంచివారికి సైన్యపు జీతాల కింద ఒప్పగించాడు. వచ్చిన సేన ఏదైనా, ఎడమవైపు మన్యం, కుడివైపు బురద.

కొల్లేటికోట గురించి లంక గ్రామాలలో చెప్పుకునే కథ ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. ఒడ్డె రాజైన లాంగూల గజపతి సరస్సు నడుమ కోటలో ఉండగా, ముస్లిం సేన ఒడ్డున చిగురుకోట వద్ద విడిసి, నీటిని దాటలేక, చివరకు నీటిని సముద్రానికి తీసివేయడానికి ఉప్పుటేరు త్రవ్వినదని ఆ కథ. దీనిని చరిత్రగా స్వీకరించనక్కరలేదు. కాని కథ చెప్పినవారికి తమ నేల సంగతి బాగా తెలుసు. ఇక్కడ అసలు కోట నీరే. పది కిలోల జిరహ్ తొడిగి గుర్రం మీద కూర్చున్నవాడు కొల్లేటి అంచు ఒండ్రులో దిగబడితే లేవడు. ఉప్పుగాలి తగిలే తేమ నేలలో జిరహ్‌కు తుప్పు పట్టకుండా చూడడం నిత్యం చాకిరి. వైశాఖ మాసపు ఎండలో ఇనుప రేకు ఒంటిని కాలుస్తుంది. ఇట్టి చోట సామాన్య సైనికునికి తగినది పొరలు పొరలుగా కుట్టిన దూది అంగీయే. చవక, తేలిక, చిరిగితే ఏ దర్జీ అయినా బాగుచేస్తాడు. తడిస్తే బరువెక్కుతుందన్న దోషం ఉన్నది, నిజమే. అయినా ఆరబెట్టుకొని తిరిగి తొడుక్కోవచ్చు.

అట్టి అంగీకి దూదిని సిద్ధం చేసినది ఎవరు? గింజ తీసిన దూదిని విల్లుతో ఏకి, పోగు విడదీసి, నురుగులా పొంగించి, ఒకే మందాన పరిస్తేనే అంగీ దెబ్బను కాస్తుంది. ఉండలు కట్టిన దూదితో కుట్టినది ఉండల మధ్య ఖాళీలో బాణాన్ని లోనికి విడిచిపెడుతుంది. ఈ విద్య కులవృత్తిగా గలవారు తెలుగుదేశంలో దూదేకుల ముస్లిములు. పింజారీలని, నూర్‌బాషాలని కూడా వారికి పేర్లు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో వీరిని దూది ఏకే వృత్తి గల ముస్లిములుగానే పేర్కొన్నారు. ఇంటింటికీ పెద్ద విల్లు భుజాన వేసుకొని వెళ్ళి, నరంతో బిగించిన దాని తాటిని చెక్క సాధనంతో మీటుతూ, పరుపులకు, బొంతలకు దూది ఏకి ఇచ్చినవారు వీరే. దర్బారు పత్రాలలో కమ్మరి, కత్తుల వ్యాపారి కనిపించినంతగా వీరు కనిపించరు. ఏలూరు తివాచీలు లండన్ దాకా వెళ్ళినవి కనుక తంగెళ్ళమూడి నేతపనివారి పారశీక మూలాల గురించి గెజెటీర్లు వ్రాసినవి. దూది ఏకినవాని గురించి అంతగా వ్రాయలేదు. కాని నలభై మడతల అంగీ ఒక్కటైనా అతని విల్లు మ్రోగకుండా తయారై ఉండదు. దూది సన్నాహక విద్యలు దక్కనులో ఎంత పాతవో చూడడానికి మరొక సాక్ష్యం ఉన్నది. భారతదేశంలో రాట్నాన్ని స్పష్టంగా ప్రస్తావించిన తొలి గ్రంథంగా చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ చూపినది ఇసామీ వ్రాసిన ఫుతూహుస్సలాతీన్‌ను. అది 1350లో బహమనీ రాజ్యంలోనే పూర్తయినది.

ముస్లిం సమాజంలోనే ఈ వృత్తివారిని తక్కువగా చూసిన సంగతి దాచవలసిన పని లేదు. బుర్రకథ పితామహుడని పేరుపొందిన షేక్ నాజర్ (1920-1997) జీవితకథకు ‘పింజారి’ అనే పేరే పెట్టారు. పల్నాటి యుద్ధాన్ని ఊరూరా గానం చేసి వేలమందిని కదిలించిన గాయకుడు పుట్టినది దూది ఏకే వారి ఇంట. ఇంకొంచెం వెనుకకు పోతే, 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన మన్సూర్‌కు ‘హల్లాజ్’ అనే పేరు దూది పనివలన వచ్చినదే. అరబ్బీలో దూది ఏకేవానికి మరొక పేరు ‘నద్దాఫ్’.

నకళ్ళ తయారీదారులు ఇటీవల తమ లోపాన్ని గుర్తిస్తున్నారు. పాలియెస్టర్ దూది కూరిన అంగీలు చవకగా దొరుకుతున్నవి గాని, వాటిలో గాలి ఆడదు, చెమట పీల్చదు, నిప్పురవ్వ పడితే కరుగుతుంది. జాగ్రత్తగల కొనుగోలుదారులు నూలుబట్ట, నార బట్ట పొరలతో, అసలు దూదితో, చేతికుట్టుతో చేసినవే కోరుతున్నారు. మేకులు బిగించిన ఉంగరాల జిరహ్‌లను భారతదేశపు కార్ఖానాలు ఇప్పుడు అందిస్తున్నవి. కాని దక్కను కవచానికి పూర్తి నకలు కావాలంటే ఆదోని జిరహ్ కొలతలు ఒక్కటే చాలవు. చేతితో ఏకిన దూదిని సమమందంగా పరచడం తెలిసినవారు, అడ్డంగా నిలువుగా టంకాలు వేసి ఆ మందాన్ని కదలకుండా నిలపడం తెలిసినవారు కావాలి. ఈ రెండవ పని బొంతలు కుట్టే ఆడవారి చేతులలో ఇంకా బ్రతికి ఉన్నది. మొదటి పనిని యంత్రం తీసుకున్నది.

2022 ఏప్రిల్‌లో ఏలూరు వేరే జిల్లా అయినది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయినది. రెండు జిల్లాలలోనూ వెనుకబడిన తరగతుల ధ్రువపత్రాలకు వాడే ప్రభుత్వ జాబితా ఒక్కటే. అందులో ‘బి’ వర్గంలో దూదేకుల, పింజారి, నూర్‌బాష్ పేర్ల సరసన ‘లద్దాఫ్’ అనే మాట కూడా ముద్రితమై ఉన్నది. అరబ్బీ ‘నద్దాఫ్’ తెలుగు నాలుకల మీద అలా మారినది.